మీ లైబ్రరీలో లేని జర్నల్ ఆర్టికల్ కావాలంటే ఏ దారి ఎప్పుడు పట్టాలి

ఆర్టికల్ టైటిల్ తెలుసు, అబ్‌స్ట్రాక్ట్ చదివేశారు, సరిగ్గా మీకు కావాల్సింది అదే అని అర్థమైపోయింది, తీరా ఫుల్ టెక్స్ట్ మీద నొక్కితే లాగిన్ అడుగుతుంది లేదా డబ్బు కట్టమంటుంది, మీ లైబ్రరీలో చూస్తే ఆ జర్నల్ లేదు. ఇక్కడికొచ్చాక చాలామంది కార్డు తీసి డబ్బు కట్టేస్తారు, లేదంటే ఆ ఆర్టికల్ వదిలేసి దొరికినదాంతో సరిపెట్టుకుంటారు. రెండోది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే చదవాల్సింది చదవకుండా రాసిన పని చివరికి ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. ఈ రెండింటికీ మధ్యలో చాలా దారులున్నాయి, అన్నీ చట్టం ఒప్పుకునేవే, ఎక్కువ వాటికి పైసా ఖర్చుండదు, కాకపోతే ఒక్కోదానికి పట్టే టైం వేరు, చేతికొచ్చే కాపీ వేరు. అందుకే ఏది బెస్ట్ అని అడిగితే జవాబు ఉండదు, మీకు ఏ కాపీ కావాలి, ఎప్పటికి కావాలి అన్నదాన్నిబట్టే చెప్పగలం.

అన్నిటికంటే ముందు, మీ లైబ్రరీలో లేదన్నమాట నిజమేనా అన్నది తేల్చుకోండి. పబ్లిషర్ సైట్‌లో తాళం గుర్తు కనిపించిందంటే మీ లైబ్రరీ ఆ పబ్లిషర్ దగ్గర నేరుగా కొనలేదని మాత్రమే అర్థం, అదే జర్నల్ ఎబ్స్కోహోస్ట్, ప్రోక్వెస్ట్ లాంటి, చాలా జర్నల్స్‌ని కలిపి ఇచ్చే డేటాబేసుల ద్వారా మీ లైబ్రరీకి వస్తూ ఉండొచ్చు. లైబ్రరీ సైట్‌లో ఈ-జర్నల్స్ లిస్ట్ అని ఒకటి ఉంటుంది, దాంట్లో వెతకాల్సింది ఆర్టికల్ పేరు కాదు, జర్నల్ పేరు. ఇది తెలియక టైటిల్ కొట్టి, ఏమీ రాలేదని వెనక్కి వచ్చేసేవాళ్లు చాలామంది. జర్నల్ దొరికాక ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఉందో చూడండి, కొన్ని జర్నల్స్‌కి ఈ డేటాబేసుల్లో తాజా సంచికలు కొన్నాళ్లు ఆగి గానీ రావు, అది పబ్లిషర్ పెట్టే షరతు. జర్నల్ మధ్యలో పేరు మార్చుకుని ఉంటే పాత పేరుతో కూడా వెతకాలి. ఇంట్లో కూర్చుని చూస్తున్నవాళ్లయితే లైబ్రరీ లాగిన్ ద్వారా లోపలికి వెళ్లారో లేదో ఒకసారి చూసుకోండి, సగం సార్లు సమస్య అక్కడే ఉంటుంది.

నిజంగానే లేదు అనుకుందాం. ఇప్పుడు ఏ వెర్షన్ కావాలో డిసైడ్ అవ్వండి, తర్వాత పట్టే దారంతా దీన్నిబట్టే ఉంటుంది. ఒకే ఆర్టికల్ మామూలుగా మూడు రూపాల్లో తిరుగుతుంది. పీర్ రివ్యూకి, అంటే అదే రంగంలోని వేరే నిపుణులు చూసి తప్పొప్పులు చెప్పడానికి, ముందు రాసినవాళ్లు బయటపెట్టేది ప్రీప్రింట్. రివ్యూ అయిపోయి, మార్పులన్నీ చేసి, జర్నల్ ఒప్పుకున్నాక ఇంకా పబ్లిషర్ డిజైన్‌లోకి వెళ్లని వర్డ్ ఫైల్ లాంటిది యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్. పేజీ నంబర్లతో జర్నల్‌లో అచ్చయిన ఫైనల్ కాపీని వెర్షన్ ఆఫ్ రికార్డ్ అంటారు. విషయం అర్థం చేసుకోవడానికే అయితే యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్ బ్రహ్మాండంగా సరిపోతుంది, సైన్స్ అంతా దాంట్లోనే ఉంటుంది. పేజీ నంబర్ ఇచ్చి ఒక వాక్యాన్ని యథాతథంగా కోట్ చేయాలన్నా, ఒక టేబుల్‌లోని అంకెల్ని మీ లెక్కల్లో వాడాలన్నా, సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ పద్ధతిగా కూడగట్టే పేపర్) రాస్తున్నా ఫైనల్ కాపీనే పట్టుకోవాలి. ప్రీప్రింట్‌తో మాత్రం జాగ్రత్త, రివ్యూలో అంకెలు మారొచ్చు, ముగింపు కూడా మారొచ్చు.

త్వరగా అయ్యేది ఫ్రీ కాపీ వెతుక్కోవడం, ఐదు నిమిషాల పని. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంది, అది పెట్టుకుంటే ఆర్టికల్ పేజీ తెరవగానే పక్కన తాళం బొమ్మ వస్తుంది, రంగు వచ్చి తాళం తెరిచినట్టు ఉంటే ఎక్కడో చట్టబద్ధంగా ఫ్రీ కాపీ ఉన్నట్టు, నొక్కితే అక్కడికే తీసుకెళ్తుంది. ఇది డీఓఐ మీద పనిచేస్తుంది, అంటే 10తో మొదలయ్యే ఆ పొడుగాటి నంబర్, ఒక్కో ఆర్టికల్‌కి ఒక్కటి ఉంటుంది. కాబట్టి డీఓఐ లేని పాత ఆర్టికల్స్ విషయంలో దీన్ని నమ్ముకోలేం, ఇంకా రీసెర్చ్‌గేట్, అకాడెమియా లాంటి, రాసినవాళ్లు తమ పేపర్లు పెట్టుకునే సోషల్ సైట్లలో ఉన్న కాపీల్ని ఇది లెక్కలోకి తీసుకోదు. ఆ లోటు గూగుల్ స్కాలర్ తీరుస్తుంది, అక్కడ టైటిల్‌ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికి, రిజల్ట్ కింద ఉండే ఆల్ వెర్షన్స్ లింక్ తప్పకుండా నొక్కండి, రాసినవాళ్ల సొంత పేజీలోనో యూనివర్సిటీ రిపాజిటరీలోనో (తమవాళ్ల పేపర్లు ఆన్‌లైన్‌లో దాచిపెట్టే చోటు) పెట్టిన పీడీఎఫ్ అక్కడ కనబడుతుంది. రెండిట్లో ఒకటే వాడతానంటే స్కాలర్ వాడండి, కానీ రెండూ వాడితే పోయేదేమీ లేదు కదా. రిపాజిటరీల్లో లోతుగా వెతకాలంటే బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ నడిపే కోర్, జర్మనీలో బీలెఫెల్డ్ యూనివర్సిటీ లైబ్రరీ నడిపే బేస్ ఉన్నాయి. ఇంగ్లిష్ కాని భాషల్లో వచ్చిన వాటికి, థీసిస్‌లకి బేస్‌లో కూడా ఒకసారి వెతకమనే చెప్తాను.

ఫ్రీగా దొరుకుతుందా లేదా అన్నది మీ సబ్జెక్టుని బట్టి చాలా మారిపోతుంది, ఇది తెలిస్తే ఎంతసేపు వెతకాలో కూడా తెలుస్తుంది. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లు అదృష్టవంతులు, 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ప్రీప్రింట్ల సైట్ ఆర్కైవ్ ఉంది (ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో సీహెచ్ బదులు ఎక్స్ ఉంటుంది, ఇంటర్నెట్ ఆర్కైవ్ వేరు), తర్వాత చాలా ఏళ్లు కార్నెల్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో నడిచింది, ఈ రంగాల్లో కొత్త పేపర్ అంటే ముందు అక్కడే చూడాలి. ఆస్ట్రానమీకి నాసా వాళ్ల ఏడీఎస్ డేటాబేస్ ఉంది, పాత జర్నల్స్ స్కాన్ చేసి మరీ పెట్టారు. వైద్యం, బయాలజీ అయితే పబ్‌మెడ్ సెంట్రల్. పబ్‌మెడ్‌లో ఉండేది అబ్‌స్ట్రాక్టులు, పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉండేది ఫుల్ టెక్స్ట్, ఈ రెండింటినీ కలిపేసుకోకండి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ డబ్బుతో జరిగిన రీసెర్చ్‌ని అక్కడ పెట్టాలన్న రూల్ 2008 నుంచి ఉంది, మొదట్లో 12 నెలల దాకా ఆపుకునే వీలుండేది, 2025 జులై 1 నుంచి జర్నల్ ఒప్పుకున్న పేపర్లకి ఆ వీలు కూడా తీసేశారు. అందుకని పేపర్ చివర ఫండింగ్ ఎవరిదో రాసి ఉంటే చూడండి, అబ్‌స్ట్రాక్ట్ పేజీలోనే చాలాసార్లు కనబడుతుంది, ప్రభుత్వ డబ్బు ఉంటే ఎక్కడో ఒక ఫ్రీ కాపీ ఉండే అవకాశం ఎక్కువ. ఎకనామిక్స్‌కి రెపెక్, ఎస్ఎస్ఆర్ఎన్ అనే సైట్లు ఉన్నాయి, అక్కడి వర్కింగ్ పేపర్‌కీ (జర్నల్‌కి వెళ్లకముందు పెట్టే ముసాయిదా) జర్నల్‌లో వచ్చినదానికీ ఏళ్ల తేడా ఉండొచ్చు, పోల్చుకోకుండా కోట్ చేయొద్దు. హిస్టరీ, లిటరేచర్, 1990లకి ముందు వచ్చిన కెమిస్ట్రీ లాంటి వాటికి ఫ్రీ కాపీ కోసం గంటలు గంటలు కూర్చోకండి, ఐదు నిమిషాల్లో దొరక్కపోతే తర్వాతి దారికి వెళ్లిపోండి.

బాగా పాతవి మాత్రం మళ్లీ సులువే, కాపీరైట్ అయిపోయి ఉంటుంది కాబట్టి. మొక్కలు, జంతువుల మీద పాత జర్నల్స్‌కి బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ, మిగతా వాటికి హాతీట్రస్ట్, ఇంటర్నెట్ ఆర్కైవ్. ఇక్కడ ఆర్టికల్ పేరుతో కాకుండా జర్నల్ పేరు, వాల్యూమ్ నంబర్‌తో వెతికి పేజీ తిప్పుకుంటూ వెళ్లాలి.

జర్నల్స్ పాత సంచికల్ని ఆన్‌లైన్‌లో ఉంచే జేస్టోర్ గురించి చాలామందికి తెలియని సంగతి, ఏ లైబ్రరీతోనూ సంబంధం లేకపోయినా సొంతంగా అకౌంట్ తెరిస్తే 30 రోజులకి 100 ఆర్టికల్స్ ఆన్‌లైన్‌లో ఫ్రీగా చదవొచ్చు, డౌన్‌లోడ్ మాత్రం ఉండదు. హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ వాళ్లకి ఇది పెద్ద ఆసరా, పైగా కనబడేది అచ్చయిన పేజీనే కాబట్టి పేజీ నంబర్ల బాధ లేదు. అయితే చాలా జర్నల్స్‌కి తాజా సంవత్సరాలు అందులో ఉండవు. అలాగే వికీపీడియాలో రాసేవాళ్లకి వికీపీడియా లైబ్రరీ ఉంది, అకౌంట్‌కి ఆరు నెలలు నిండి, 500 ఎడిట్లు చేసి, ఈమధ్య కూడా యాక్టివ్‌గా ఉంటే చాలా పబ్లిషర్ల డేటాబేసులు తెరుచుకుంటాయి. తక్కువ ఆదాయం ఉన్న దేశాల్లోని సంస్థలకి జర్నల్స్ ఫ్రీగానో తక్కువ ధరకో అందించే రీసెర్చ్‌ఫర్‌లైఫ్ ఉంది, 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో హినారీ అనే కార్యక్రమంతో మొదలైంది, ఇది వ్యక్తులకి కాదు, సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి, మీ సంస్థకి అర్హత ఉందో లేదో అడిగి చూడండి, అర్హత ఉండి కూడా పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియక ఊరుకున్న చోట్లు ఉంటాయి.

ఇక రాసినవాళ్లనే అడగడం. దీనికి మొహమాటపడేవాళ్లు చాలామంది, పెద్ద ప్రొఫెసర్ కదా మనకెందుకు ఇస్తారు అని. నిజానికి జర్నల్ ఆర్టికల్ అమ్ముడైతే రాసినవాళ్లకి రూపాయి రాదు, వాళ్లకి కావాల్సింది చదివేవాళ్లు, కాబట్టి అడిగితే సంతోషంగానే పంపుతారు, ఒక్కొక్కరికి విడిగా సొంత చదువు కోసం కాపీ పంపుకోవడానికి చాలా పబ్లిషర్లు కూడా ఒప్పుకుంటారు. అబ్‌స్ట్రాక్ట్ పేజీలో కరస్పాండింగ్ ఆథర్ అని ఈమెయిల్ ఉంటుంది, దానికి రాయండి. మెయిల్ చిన్నగా ఉండాలి: ఆర్టికల్ పూర్తి టైటిల్, జర్నల్, సంవత్సరం, డీఓఐ, మీరెవరు, దేనికోసం, ఏ వెర్షన్ కావాలి, అంతే. ఫైనల్ కాపీ కావాలంటే ఆ మాట మెయిల్‌లోనే రాయండి, లేకపోతే చేతికందిన మాన్యుస్క్రిప్ట్ పంపేస్తారు. పాత ఆర్టికల్ అయితే ఆ ఈమెయిల్ పనిచేయకపోవచ్చు, మనిషి వేరే యూనివర్సిటీకి మారి ఉంటారు, ఆర్కిడ్ (పరిశోధకులకి ఇచ్చే గుర్తింపు నంబర్) పేజీలోనో కొత్త డిపార్ట్‌మెంట్ పేజీలోనో చూడండి, లేదంటే పేపర్ మీదున్న ఇంకో రచయితకి రాయండి, పేపర్ అసలు పని చేసిన స్టూడెంట్ చాలాసార్లు మొదటి పేరుగా ఉంటారు, వాళ్లే త్వరగా జవాబిస్తారు. రీసెర్చ్‌గేట్‌లో రిక్వెస్ట్ బటన్ కూడా ఉంది, కానీ నేనైతే నేరుగా మెయిల్ రాయమనే చెప్తాను, ఆ బటన్ నోటిఫికేషన్లు చూడనివాళ్లే ఎక్కువ. ఈ దారిలో ఇంకో లాభం, డేటా గురించో మెథడ్ గురించో ఒక ప్రశ్న ఉంటే అదే మెయిల్‌లో అడగొచ్చు, మరే దారిలోనూ అది కుదరదు. నష్టం ఏంటంటే గ్యారంటీ లేదు, గంటలో రావొచ్చు, ఎప్పటికీ రాకపోవచ్చు. అందుకని దీని ఒక్కదాని మీదే ఆధారపడి కూర్చోకూడదు.

గ్యారంటీకి దగ్గరగా ఉండేది ఇంటర్‌లైబ్రరీ లోన్. నన్నడిగితే అందరూ వాడాల్సినదీ, అతి తక్కువమంది వాడేదీ ఇదే. పేరులో లోన్ అని ఉన్నా ఆర్టికల్స్ విషయంలో తిరిగి ఇచ్చేదేమీ ఉండదు, మీ లైబ్రరీ ఆ జర్నల్ ఉన్న ఇంకో లైబ్రరీని అడుగుతుంది, వాళ్లు ఆ పేజీలు స్కాన్ చేసి పంపుతారు, మీకు పీడీఎఫ్ వస్తుంది. కొన్ని చోట్ల దీన్ని డాక్యుమెంట్ డెలివరీ అంటారు. వరల్డ్‌క్యాట్ లాంటి ఉమ్మడి కేటలాగ్‌లో ఏ సంచిక ఎక్కడుందో చూసి లైబ్రేరియన్లు ఒకరికొకరు పంపుకుంటారు, వేరే దేశంలో ఉన్నది కూడా ఇలా తెప్పిస్తారు. చాలా యూనివర్సిటీ లైబ్రరీల్లో విద్యార్థులకి ఇది ఫ్రీ, కొన్ని పబ్లిక్ లైబ్రరీల్లో కూడా ఉంటుంది, అయితే బోర్డు పెట్టి చెప్పరు, కౌంటర్ దగ్గర అడగాలి. ఏమైనా ఛార్జీ ఉందా అని ముందే అడగండి, ఉంటే ఎంతవరకు కట్టగలరో ఫారంలో రాయొచ్చు.

టైం విషయానికొస్తే, ఈ-కాపీ ఉన్న మామూలు జర్నల్ ఒకట్రెండు రోజుల్లో వచ్చేయొచ్చు, గోదాంలో ఉన్న పాత ప్రింట్ వాల్యూమ్ అయితే వారాలు పట్టొచ్చు. ఆలస్యానికి పెద్ద కారణం మాత్రం లైబ్రరీ కాదు, తప్పు సైటేషన్, అంటే ఆర్టికల్ వివరాలు తప్పుగా ఇవ్వడం. ఎవరి రిఫరెన్స్ లిస్టులోంచో ఎత్తిన వివరాలు అలాగే ఫారంలో ఎక్కిస్తారు, అందులో వాల్యూమ్ నంబర్ తప్పుంటుంది, సంవత్సరం ఒకటి అటో ఇటో ఉంటుంది, జర్నల్ పేరు పొట్టిగా రాసి ఉంటుంది, అవతలి లైబ్రేరియన్ ఆ వాల్యూమ్ తీసి చూస్తే ఆ పేజీలో వేరే ఆర్టికల్, రిక్వెస్ట్ క్యాన్సిల్. కాబట్టి ఫారం నింపే ముందు క్రాస్‌రెఫ్ (జర్నల్స్‌కి డీఓఐలు నమోదు చేసే సంస్థ) సెర్చ్‌లోనో పబ్‌మెడ్‌లోనో టైటిల్ కొట్టి వివరాలన్నీ సరిచూసుకోండి, డీఓఐ ఉంటే అది, లేకపోతే జర్నల్ ఐఎస్ఎస్ఎన్ (ఒక్కో జర్నల్‌కి ఉండే గుర్తింపు నంబర్), జర్నల్ పూర్తి పేరు, మొదటి పేజీ చివరి పేజీ నంబర్లు తప్పకుండా ఇవ్వండి. ఆ సైటేషన్ మీకు ఎక్కడ దొరికిందో కూడా రాస్తే లైబ్రేరియన్‌కి ఎంతో సాయం, ఏదైనా తేడా ఉంటే వాళ్లే వెనక్కి వెళ్లి పట్టుకుంటారు. ఆర్టికల్‌లో కలర్ ఫోటోలో, మైక్రోస్కోప్ బొమ్మలో ముఖ్యమైతే కలర్ స్కాన్ కావాలని నోట్ పెట్టండి, మామూలుగా నలుపు తెలుపులో వచ్చేస్తుంది. రెఫరెన్సుల పేజీలు కూడా కావాలంటే ఆ మాట కూడా రాయండి. వచ్చే కాపీ మీ సొంత చదువు కోసమే అన్న షరతు మీద వస్తుంది, దాన్ని గ్రూపుల్లో పెట్టకూడదు.

ఏ లైబ్రరీలోనూ సభ్యత్వం లేనివాళ్లకి ఇంకో మాట. చాలా యూనివర్సిటీ లైబ్రరీలు పబ్లిషర్లతో చేసుకునే ఒప్పందాల్లో వాక్-ఇన్ యూజర్లకి అనుమతి ఉంటుంది, అంటే మీరు స్టూడెంట్ కాకపోయినా లోపలికి వెళ్లి అక్కడి కంప్యూటర్ మీద చదువుకోవచ్చు. బయటివాళ్లని రానిస్తారా, గుర్తింపు కార్డు ఏం కావాలి, పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసుకోనిస్తారా అని ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. కావాల్సినవి పది ఇరవై ఉంటే లిస్ట్ రాసుకుని ఒక్క పూటలో పని ముగించుకోవచ్చు, అప్పుడు ఇది ఇంటర్‌లైబ్రరీ లోన్ కంటే మేలు, ఒక్క ఆర్టికల్ కోసమైతే అంత శ్రమ అక్కర్లేదు. మీరు చదివిన యూనివర్సిటీలో పాత విద్యార్థులకి అలుమ్నై యాక్సెస్ ఉందేమో కూడా అడగండి, పూర్తి కలెక్షన్ ఇవ్వకపోయినా కొన్ని డేటాబేసులు ఇస్తారు.

డబ్బు కట్టి కొనడం ఎప్పుడు సరైనదంటే, రేపే కావాలి, ఫైనల్ కాపీయే కావాలి, పైవేవీ కుదరలేదు, అప్పుడు. అప్పుడు కూడా పేమెంట్ పేజీలో ఏం రాసుందో చదవండి, కొన్నిచోట్ల కట్టేది 24 గంటలో 48 గంటలో చూసుకోవడానికి మాత్రమే, పీడీఎఫ్ మీదైపోవడానికి ఇంకో రేటు ఉంటుంది. డీప్‌డైవ్ లాంటి నెలవారీ అద్దె సర్వీసులు నెలలో చాలా ఆర్టికల్స్ చదివేవాళ్లకి లాభమే, కానీ మీకు కావాల్సిన జర్నల్ వాళ్ల దగ్గరుందో లేదో ముందే వెతికి చూసుకోవాలి. ఒకే జర్నల్‌లోవి మళ్లీ మళ్లీ కావాల్సి వస్తుంటే ఆ జర్నల్ నడిపే సొసైటీలో మెంబర్‌షిప్ ఎంతో చూడండి, స్టూడెంట్ రేటు ఉంటే విడివిడిగా కొనడం కంటే తక్కువలో పోతుంది.

డబ్బు కట్టాల్సిన పేపర్లని అనుమతి లేకుండా ఫ్రీగా ఇచ్చే సై-హబ్ సంగతేంటి అని ఎలాగూ అడుగుతారు. 2011 నుంచి ఉంది, ఎంతమంది వాడతారో అందరికీ తెలుసు, కానీ అది కాపీరైట్ ఉల్లంఘన కిందకే వస్తుంది, 2017లో అమెరికా కోర్టు ఎల్సెవియర్ అనే పెద్ద పబ్లిషర్ వేసిన కేసులో 1.5 కోట్ల డాలర్ల పరిహారం కట్టమని తీర్పిచ్చింది, పలు దేశాల్లో బ్లాక్ చేశారు కూడా. దాని పేరుతో నకిలీ సైట్లు, లాగిన్ దొంగిలించే పేజీలు కూడా తిరుగుతుంటాయి. పైన చెప్పిన దారులు పనిచేస్తున్నప్పుడు ఆ రిస్క్ అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. ఇంకోటి, మనం లైబ్రరీలో రిక్వెస్ట్ పెట్టిన ప్రతిసారీ అది రికార్డు అవుతుంది, ఒకే జర్నల్‌కి రిక్వెస్టులు పెరిగితే కొనాలా వద్దా అన్నప్పుడు లైబ్రరీ చూసేది ఆ రికార్డే.

ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేయాలని లేదు. నేను చెప్పేదేంటంటే ఫ్రీ కాపీ కోసం ఐదు నిమిషాలు చూసి, దొరక్కపోతే అదే కూర్చున్న చోట రచయితకి మెయిల్, లైబ్రరీకి రిక్వెస్ట్ రెండూ ఒకేసారి పెట్టేయండి, ముందు మెయిల్ వస్తే లైబ్రరీకి చెప్పి క్యాన్సిల్ చేయించండి, అవతల ఒక మనిషి మెట్లెక్కి వాల్యూమ్ వెతికే పని తప్పుతుంది. ఈలోగా సప్లిమెంటరీ ఫైల్స్ చూడండి, ఆర్టికల్‌కి తాళం ఉన్నా వాటికి చాలాసార్లు ఉండదు, టేబుల్స్, ప్రోటోకాల్స్ అక్కడే దొరికేస్తాయి. అదే రచయితల కాన్ఫరెన్స్ పేపరో పీహెచ్‌డీ థీసిస్సో కూడా వెతకండి, థీసిస్‌లో ఆర్టికల్ కంటే వివరంగా రాసి ఉంటారు.

కాపీ చేతికొచ్చాక ఒక్క పని ఉంది. ప్రీప్రింట్ అయినా, స్కాన్ అయినా, ఆ డీఓఐ పేజీని ఒకసారి తెరిచి ఆర్టికల్ మీద కరెక్షన్ గానీ రిట్రాక్షన్ (జర్నల్ ఆర్టికల్‌ని వెనక్కి తీసుకోవడం) గానీ వచ్చిందేమో చూడండి, ఎందుకంటే మెయిల్‌లోనో రిపాజిటరీలోనో దొరికిన పాత ఫైల్ మీద ఆ మాట రాసి ఉండదు. అలా వెనక్కి తీసుకున్నవాటి లిస్ట్ ఉండే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ 2023 నుంచి క్రాస్‌రెఫ్ చేతిలో ఉంది, అందరికీ ఫ్రీగా తెరిచిపెట్టారు. స్కాన్‌లో పేజీలన్నీ ఉన్నాయా, అంచుల్లో అక్షరాలు తెగిపోయాయా అన్నది వచ్చిన రోజే చూసుకోండి, తేడా ఉంటే వెంటనే చెప్తే మళ్లీ పంపుతారు, ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో వచ్చిన లింకులు చాలాచోట్ల కొన్ని రోజులకే పనిచేయడం మానేస్తాయి కాబట్టి ఫైల్‌ని అప్పుడే సేవ్ చేసి, ఫైల్ పేరులో రచయిత, సంవత్సరం, ఏ వెర్షన్ అన్నది రాసిపెట్టుకోండి.